వాడకం సున్నా చూపిస్తున్న ఐఎస్‌డీఎన్ లైన్లు: తీసేయొచ్చా?

తీగలరాజు
అమెరికాలో ఒక ఫెడరల్ ఏజెన్సీకి కాంట్రాక్టు మీద నెట్‌వర్క్ పని చేస్తున్నాను. పాత స్విచ్డ్ (ఫోన్ లాగా నంబరు కొడితే కలిసే) డిజిటల్ డేటా లైన్లన్నీ ఈ ఆర్థిక సంవత్సరం లోపే తీసేయమని పైనుంచి ఆర్డరు వచ్చింది. ఎక్కువ భాగం ఐఎస్‌డీఎన్ (ఫోన్ తీగల మీద నడిచే డిజిటల్ సేవ) బీఆర్‌ఐలు, అంటే రెండు ఛానెళ్ల చిన్న లైన్లు. కొన్ని పీఆర్‌ఐలు, అంటే చాలా ఛానెళ్ల పెద్ద లైన్లు. మారుమూల ఆఫీసుల్లో ఒకటో రెండో స్విచ్డ్ 56 (56 కిలోబిట్ల పాత డయల్ లైన్లు) కూడా మిగిలి ఉన్నాయి.

బిల్లు చూస్తే చాలా లైన్లకు నెల అద్దె పడుతోంది గానీ ఒక్క నిమిషం కూడా కాల్ లేదు. "వాడటం లేదంటే అక్కర్లేదనేగా, తీసేయ్" అంటున్నారు మేనేజర్. నాకు ధైర్యం చాలడం లేదు. ఏ లైను ఎందుకు పెట్టించారో చెప్పే కాగితం ఒక్కటీ లేదు, పెట్టించినవాళ్లంతా రిటైరయ్యారు. పక్కన ఫైబర్ ఉండగా 64 కిలోబిట్ల లైనుకు ఇన్నేళ్లు డబ్బు కడుతున్నారంటే ఏదో కారణం ఉండాలి కదా? ప్రభుత్వ నెట్‌వర్కుల్లో చేసినవాళ్లు ఉంటే చెప్పండి. టెన్షన్‌గా ఉంది.

బిట్‌స్టఫర్
తీసేయండి. కారణం పోయినా బిల్లు మాత్రం నడుస్తూ ఉండే లైన్లు ప్రతి పెద్ద సంస్థలోనూ ఉంటాయి. ఒక్కో లైనూ ఆపి నెల రోజులు చూడండి. ఎవరూ ఫోన్ చేయకపోతే అక్కర్లేదనే అర్థం.

కాపర్‌కాలం
రాజు గారూ, పై సలహా మాత్రం పాటించకండి. బ్యాకప్ లైనుకు వాడకం సున్నా ఉండటమే మంచి లక్షణం. మెయిన్ సర్క్యూట్ పడితేనే అది డయల్ అవుతుంది. నెల రోజులు ఆపితే ఎవరూ ఫోన్ చేయరు. మెయిన్ సర్క్యూట్ పడిన రోజున చేస్తారు.

ఇవి ఎందుకు పెట్టారో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1988 డిసెంబర్‌లో జీఎస్‌ఏ (ఫెడరల్ ఏజెన్సీలకు కొనుగోళ్లు చూసే సంస్థ) వాళ్లు ఎఫ్‌టీఎస్ 2000 అనే టెలికాం కాంట్రాక్టులు ఇచ్చారు. పదేళ్ల కాంట్రాక్టు, ఏటీ అండ్ టీకి 60 శాతం, స్ప్రింట్‌కు 40 శాతం. అందులో ఆరు రకాల సేవలు: స్విచ్డ్ వాయిస్, స్విచ్డ్ డేటా, ప్యాకెట్ స్విచ్డ్ (అంటే ఎక్స్.25 అనే పాత పద్ధతి), వీడియో, డెడికేటెడ్ లైన్లు, ఐఎస్‌డీఎన్ లాంటివి వచ్చే ఇంటిగ్రేటెడ్ సేవ. ఇందులో స్విచ్డ్ డేటా అంటే 56 లేదా 64 కిలోబిట్ల డిజిటల్ దారి. ఫోన్ లాగా నంబరు కొడితే అవతలి ఆఫీసు దాకా తెరుచుకుంటుంది, పెట్టేస్తే మూసుకుంటుంది.

ఆ రోజుల్లో చాలామంది దగ్గర ఉన్న మోడెమ్ 2400 బిట్లది. 9600 అంటే ఖరీదైన సరుకు. 56 కిలోబిట్లు, అదీ మధ్యలో అనలాగ్ లేకుండా, అంటే చాలా పెద్ద సంగతి. లీజ్డ్ లైనైతే దూరాన్ని బట్టి నెలంతా అద్దె కట్టాలి. రాత్రి ఒక గంట ఫైళ్లు పంపే ఆఫీసుకు అది దండగ. పైగా 50 ఆఫీసులు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడాలంటే 1225 లీజ్డ్ లైన్లు కావాలి. స్విచ్డ్ సేవలో 50 యాక్సెస్ లైన్లు చాలు. ఎవరు ఎవరికైనా కొట్టుకోవచ్చు.

శ్రీవాణి_నెట్
56 అని కొందరు, 64 అని కొందరు అంటారు. రెండూ ఒకటేనా? నేను ఎప్పుడూ ఐపీ వైపే చేశాను. అడగడానికి ఇంతకంటే మంచి చోటు దొరకలేదు.

స్లిప్‌కౌంటర్
ఒకటి కాదు శ్రీవాణి గారూ, ఈ తేడా ఇప్పటికీ పని చెడగొడుతుంది.

డిజిటల్ ఫోన్ ఛానెల్ అంటే సెకనుకు 8000 శాంపిళ్లు, ఒక్కోటి 8 బిట్లు. మొత్తం 64,000. అమెరికా టీ1లో (24 ఛానెళ్లు మోసే లైను) సిగ్నలింగ్‌కు, అంటే కాల్ పెట్టడం, ఆపడం లాంటి సంకేతాలకు, విడిగా చోటు పెట్టలేదు. ప్రతి ఆరో ఫ్రేమ్‌లో ప్రతి ఛానెల్ చివరి బిట్‌ను సిగ్నలింగ్ కోసం లాక్కుంటారు. మాటలో అది చెవికి తెలియదు. డేటాలో ఒక్క బిట్ మారినా తప్పే. ఏ ఫ్రేమ్‌లో లాక్కుంటారో అవతలి పరికరానికి తెలియదు కాబట్టి ఎనిమిదో బిట్‌ను పూర్తిగా వదిలేసి ఏడు బిట్లే వాడారు. 8000 ఇంటూ 7, అదే 56. టీ1 లాంటిదే అయిన యూరప్ ఈ1లో సిగ్నలింగ్‌కు 16వ టైమ్‌స్లాట్ విడిగా ఉంటుంది, కాబట్టి అక్కడ మొదటినుంచీ 64 పూర్తిగా దొరికింది.

తర్వాత బీ8జెడ్‌ఎస్ అనే లైన్ కోడింగు, డీ ఛానెల్ సిగ్నలింగు (సిగ్నలింగ్‌కు విడి ఛానెల్) వచ్చాక అమెరికాలోనూ 64 దొరికింది. కానీ దారిలో ఒక్క ట్రంకు (స్విచ్‌ల మధ్య లైను) పాతదైనా మొత్తం కాల్ 56కు దిగాల్సిందే.

శ్రీవాణి_నెట్
అయితే "56కే మోడెమ్" అనే మాట కూడా ఇక్కడినుంచే వచ్చిందా?

స్లిప్‌కౌంటర్
అవును, ఆ అంకె వెనక ఉన్నదీ ఈ లెక్కే. కాకపోతే మోడెమ్‌ది ఒకవైపు అనలాగ్ ఉన్న దారి, అందుకే అప్‌లోడ్ అంత వచ్చేది కాదు. స్విచ్డ్ 56 రెండు వైపులా పూర్తి డిజిటల్, పూర్తి వేగం.

బిట్‌స్టఫర్
చరిత్ర బాగుంది. కానీ ఇప్పుడు ఎస్‌డీ-వాన్ (ఆఫీసులను ఇంటర్నెట్ మీద కలిపే పద్ధతి) ఉంది, ఎల్‌టీఈ (4జీ మొబైల్) బ్యాకప్ ఉంది. రాగి తీగల సేవలు 2022 ఆగస్టుతో ఆపేయాలని ఎఫ్‌సీసీ (అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ) ఆర్డరే ఇచ్చింది. ఇంక దీని మీద చర్చ ఎందుకు?

నిబంధనల_నాగు
ఇది చాలా చోట్ల తిరుగుతున్న తప్పుడు మాట. 2019 ఆగస్టులో వచ్చిన ఎఫ్‌సీసీ 19-72 ఆర్డరులో "ఆపేయండి" అని లేదు. పాత ఫోన్ కంపెనీలు తమ అనలాగ్ లైన్లను నియంత్రిత ధరకు పోటీ కంపెనీలకు ఇవ్వాలన్న బాధ్యత నుంచి సడలింపు ఇచ్చారు. దానికి మూడేళ్ల గడువు, అది 2022 ఆగస్టు 2తో ముగిసింది. ఆ తర్వాత ధరలు పెరిగాయి, కంపెనీలు రాగిని వదిలించుకోవడం మొదలుపెట్టాయి. ఫలితం దగ్గరదగ్గరగా ఉన్నా, చట్టం ప్రకారం తీసేయాలి అని మీ మేనేజర్ మెమోలో రాస్తే మాత్రం అది అబద్ధం. ఒక లైనును ఎప్పుడు ఆపుతారనేది ఆ ప్రాంతపు కంపెనీ ఇచ్చే నోటీసును బట్టి ఉంటుంది. ఒక్కో సెంట్రల్ ఆఫీసుకు (టెలిఫోన్ ఎక్స్ఛేంజికి) ఒక్కో తేదీ.

ఇంకో మాట. ఇప్పుడు నడుస్తున్న ఈఐఎస్ అనే ఫెడరల్ టెలికాం కాంట్రాక్టులో కూడా సర్క్యూట్ స్విచ్డ్ డేటా సర్వీస్ అనే సేవ జాబితాలో ఉంది. కాబట్టి ప్రభుత్వం దాన్ని నిషేధించిందన్న మాటా నిజం కాదు.

బిట్‌స్టఫర్
జాబితాలో ఉండటం వేరు, మీ ఊరి స్విచ్‌లో దొరకడం వేరు నాగు గారూ. ఆర్డరు పెట్టి చూడండి, ఎన్ని కంపెనీలు సరే అంటాయో.

నిబంధనల_నాగు
అది ఒప్పుకుంటాను. కొత్తగా పెట్టించుకోమని నేను అనడం లేదు. ఉన్నది తీసేముందు సరైన కారణం రాయమంటున్నాను.

ఫ్లాష్_ఓవర్‌రైడ్
ఎవరూ ఇంకా ప్రాధాన్యం మాట ఎత్తలేదు. ప్రభుత్వ వాడకందారుకూ మామూలు కస్టమరుకూ ఉన్న అసలు తేడా అదే.

నా పేరు చూసి అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు కాబట్టి చెబుతాను. 1960లలో అమెరికా సైన్యానికి ఆటోవాన్ అనే స్విచ్డ్ నెట్‌వర్క్ ఉండేది. దాని ఫోన్లకు మామూలు 12 మీటలు కాదు, 16 ఉండేవి. కుడివైపు నిలువు వరసలో ఎఫ్‌ఓ, ఎఫ్, ఐ, పీ. అంటే ఫ్లాష్ ఓవర్‌రైడ్, ఫ్లాష్, ఇమ్మీడియట్, ప్రయారిటీ. ఏదీ నొక్కకపోతే రొటీన్. లైన్లన్నీ నిండిపోయి ఉంటే పై స్థాయి కాల్ కింది స్థాయి కాల్‌ను తెంచేసి దారి తీసుకుంటుంది. ఆ నాలుగు మీటల టోన్ 1633 హెర్ట్జ్, ఇప్పటికీ డీటీఎంఎఫ్ (ఫోన్ మీటల టోన్ల) పట్టికలో ఏ, బీ, సీ, డీ అన్న పేర్లతో ఉంది. తర్వాత ఇదే పద్ధతిని ఐఎస్‌డీఎన్‌లోకి ఎంఎల్‌పీపీ పేరుతో తెచ్చారు. ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) సిఫారసు ఐ.255.3 అదే.

స్విచ్‌లో కాల్ అంటే ఒక వస్తువు. దానికి స్థాయి ఉంటుంది, తెంచొచ్చు, కాపాడొచ్చు. ఐపీలో ప్యాకెట్‌కు గుర్తు పెడతాం. ఆ గుర్తును మన రౌటర్లు గౌరవిస్తాయి, బయటి ఇంటర్నెట్ గౌరవించదు. వరద వచ్చిన రోజున ఎల్‌టీఈ టవరు మీద ఊరంతా వీడియోలు చూస్తుంటే మీ బ్యాకప్ కూడా అదే గుంపులో నిలబడుతుంది. బిట్‌స్టఫర్ గారి ఎల్‌టీఈ సలహాలో నాకు నచ్చనిది ఇదొక్కటే.

బిట్‌స్టఫర్
అందుకు మొబైల్‌లోనూ ప్రాధాన్యం ఉంది కదా. ఫస్ట్‌నెట్ (అత్యవసర సిబ్బంది మొబైల్ నెట్‌వర్క్), డబ్ల్యూపీఎస్ (మొబైల్ కాల్స్‌కు ప్రాధాన్యం ఇచ్చే సేవ) రెండూ ఉన్నాయి. సిప్‌లో (ఐపీ మీద కాల్స్ కలిపే పద్ధతి) కూడా ఆర్‌ఎఫ్‌సీ 4412 అనే ప్రమాణం ఇచ్చిన రిసోర్స్ ప్రయారిటీ హెడర్ 2006 నుంచీ ఉంది. అందులో డీఎస్‌ఎన్ (సైన్యపు ఫోన్ నెట్‌వర్క్ పేరు) అని నేమ్‌స్పేస్ పెట్టి రొటీన్ నుంచి ఫ్లాష్ ఓవర్‌రైడ్ దాకా ఐదు స్థాయిలూ అలాగే రాశారు. మీ పేరే ప్రమాణంలో ఉంది!

ఫ్లాష్_ఓవర్‌రైడ్
ఉంది, సంతోషం. హెడర్‌లో రాసినంత మాత్రాన అన్ని గేట్‌వేలూ దాన్ని చదవాలని లేదు. మధ్యలో ఒక సెషన్ బోర్డర్ కంట్రోలర్ (రెండు నెట్‌వర్కుల సరిహద్దులో కాల్స్ చూసే పెట్టె) ఆ హెడర్‌ను కత్తిరిస్తే పంపినవాడికి తెలియదు. దారి పొడుగునా పరీక్షించి తీరాలి. డబ్ల్యూపీఎస్ అసలు వాయిస్ కాల్స్ కోసం పుట్టింది, డేటా లైనుకు నేరుగా బదులు అనుకోకండి.

కాపర్‌కాలం
రాజు గారూ, మీ లైన్లలో టీఎస్‌పీ కోడు ఉన్నవి ఏవైనా ఉన్నాయా? సర్క్యూట్ రికార్డులో ఉంటుంది. ఇది 1988లో వచ్చిన పద్ధతి. కోడు ఉన్న సర్క్యూట్ తెగితే కంపెనీ దాన్ని మిగతావాటికంటే ముందు బాగుచేయాలి. స్థాయిలు 1 నుంచి 5 వరకు, 1 అన్నిటికంటే పైది. ఇప్పుడు సీఐఎస్‌ఏ (అమెరికా సైబర్ భద్రతా సంస్థ) చూస్తోంది.

కోడు లైనుకు అతుక్కుని ఉంటుంది, ఆఫీసుకు కాదు. పాత లైను తీసేసి ఫైబర్ పెడితే కోడు దానంతటదే రాదు, కొత్త సర్క్యూట్‌కు మళ్లీ తీసుకోవాలి. నాకు తెలిసిన ఒక రాష్ట్ర స్థాయి కార్యాలయంలో ఇదే జరిగింది. కొత్త సర్వీసు పెట్టారు, కోడు అడగడం ఎవరి పనో తేలలేదు. తుపాను తర్వాత వాళ్లు మామూలు క్యూలోనే నిలబడ్డారు.

నిబంధనల_నాగు
దీనికి చేర్పు: ఎఫ్‌సీసీ 2022లో ఈ నిబంధనలు సవరించింది. ఐపీ ఆధారిత సేవలకూ ప్రాధాన్యం వర్తిస్తుందని స్పష్టం చేసింది. కాబట్టి "ఫైబర్‌కు టీఎస్‌పీ రాదు" అని కంపెనీ ప్రతినిధి అంటే వదలకండి.

తీగలరాజు
చాలా థ్యాంక్స్. రికార్డులు తిరగేశాను. నాలుగైదు లైన్లకు నిజంగానే టీఎస్‌పీ కోడు ఉంది! మా మేనేజర్‌కు చూపిస్తే ఆయన మొహం మారింది.

ఇంకో సంగతి. ఒక బీఆర్‌ఐ కేబుల్ పట్టుకుని పోతే తాళం వేసిన గదిలోకి వెళ్లింది. లోపల బరువైన నల్ల ఫోన్, పక్కన కార్డు పెట్టే చీలిక ఉంది. దాని గురించి ఎవరూ నోరు విప్పడం లేదు.

మౌనిక_సెక్
నోరు విప్పకపోవడమే వాళ్ల పని. అది బహుశా ఎస్‌టీఈ (ప్రభుత్వం వాడే గుప్త ఫోన్) అయి ఉంటుంది. దాని మోడలు, గది, వాడేవాళ్ల వివరాలు ఇక్కడ ఇంకేమీ రాయకండి. బయట అందరికీ తెలిసినంతవరకే నేను చెబుతాను.

దీనికి ముందు ఎస్‌టీయూ-3 అని ఉండేది, 1987లో వచ్చింది. మామూలు అనలాగ్ లైను మీద మోడెమ్‌తో గుప్తంగా మాట్లాడుకునేది. మాట కాస్త గరగరలాడేది, కాల్ కలిశాక సెక్యూర్ మోడ్‌లోకి వెళ్లడానికి కొంతసేపు పట్టేది. 2009 ఆఖరుకు దాని సేవ ముగిసింది. ఎస్‌టీఈని ఐఎస్‌డీఎన్ కోసమే చేశారు, అందుకే మాట శుభ్రంగా ఉంటుంది, డేటా కూడా వేగంగా పోతుంది. ఇప్పుడు స్కిప్ అనే ప్రోటోకాల్ వల్ల ఐపీ మీద నడిచే పరికరాలున్నాయి.

ముఖ్యమైనది ఇది: ఆ లైను గురించి నిర్ణయం మీది కాదు, మీ మేనేజర్‌ది కూడా కాదు. ఏజెన్సీలో కామ్‌సెక్ (గుప్త సంభాషణల భద్రత) బాధ్యుడు ఒకరు ఉంటారు. వాళ్లకు రాతపూర్వకంగా చెప్పి, జవాబు కూడా రాతపూర్వకంగా వచ్చేదాకా ఆ జాక్ ముట్టుకోకండి.

శ్రీవాణి_నెట్
ఐఎస్‌డీఎన్‌ను ఐపీ గేట్‌వే (కాల్‌ను ఐపీకి మార్చే పెట్టె) వెనక పెట్టి పరికరం అలాగే ఉంచకూడదా? వాయిస్‌కు అందరూ చేసేది అదే కదా.

స్లిప్‌కౌంటర్
చేయొచ్చు. ఎక్కువమంది దెబ్బ తినేది కూడా అక్కడే.

ఐఎస్‌డీఎన్ కాల్ పెట్టేటప్పుడు ఇది మాట కాల్ కాదు, డేటా కాల్ అని సెటప్ మెసేజ్‌లోనే చెబుతుంది. దాన్ని బేరర్ కేపబిలిటీ అంటారు. స్విచ్ అది చూసి ఎకో క్యాన్సెలర్‌ను దారిలోంచి తప్పిస్తుంది, మ్యూ-లా నుంచి ఏ-లాకు (అమెరికా, యూరప్ మాట కోడింగ్ పద్ధతులు) మార్చడం ఆపేస్తుంది, బిట్లను ఉన్నవి ఉన్నట్టు పంపుతుంది. గేట్‌వే ఈ గుర్తును పట్టించుకోకుండా జీ.711 (మామూలు మాట కోడింగ్) వాయిస్‌గా తీసుకుంటే ఎకో క్యాన్సెలర్ మీ డేటాను ప్రతిధ్వని అనుకుని దిద్దుతుంది. "మౌనం" కనిపిస్తే గేట్‌వే ప్యాకెట్లు పంపడమే ఆపేస్తుంది.

ఒక క్లయింటు దగ్గర వీడియో కాన్ఫరెన్స్ యూనిట్ రోజూ కాల్ కలిసేది, బొమ్మ మాత్రం కొద్దిసేపటికి ముక్కలయ్యేది. కంపెనీవాళ్లు లైను బాగుందన్నారు, యూనిట్ అమ్మినవాళ్లు యూనిట్ బాగుందన్నారు. బెర్ట్ టెస్టర్ (బిట్ల తప్పులు లెక్కించే పరికరం) తగిలించి 2047 ప్యాటర్న్ (పరీక్ష బిట్ల వరస) పంపితే ఒక్కసారి కాదు, సరిగ్గా సమాన వ్యవధుల్లో తప్పులు వస్తున్నాయి. అలా వచ్చిందంటే అది క్లాక్ స్లిప్. గేట్‌వే తన సొంత క్లాక్ మీద నడుస్తోంది, అవతలి స్విచ్ నెట్‌వర్క్ క్లాక్ మీద నడుస్తోంది. రెండిటి మధ్య తేడా పేరుకుని బఫర్ నిండినప్పుడల్లా ఒక ఫ్రేమ్ పోతుంది. గేట్‌వేకు పీఆర్‌ఐ నుంచి క్లాక్ ఇచ్చాక తప్పులు ఆగాయి.

కాబట్టి గేట్‌వే కొనేముందు ఆర్‌ఎఫ్‌సీ 4040 క్లియర్‌మోడ్ ఉందా అని అడగండి. 64 కిలోబిట్లను ముట్టుకోకుండా ఆర్‌టీపీలో (ఐపీ మీద మాట, వీడియో మోసే పద్ధతి) తీసుకెళ్లే పద్ధతి అది, 2005 నుంచి ఉంది. దాంతోపాటు క్లాక్ ఎక్కడినుంచి తీసుకుంటుందో అడగండి. రెండో ప్రశ్నకు తడబడే అమ్మకందారు దగ్గర కొనకండి.

ఎన్‌టీ1_పెట్టె
స్పిడ్ నంబర్లు (ఐఎస్‌డీఎన్ లైనును స్విచ్ గుర్తించే నంబర్లు) గుర్తున్నవాళ్లు చేతులెత్తండి. బీఆర్‌ఐలో ఒక్కో బీ ఛానెల్‌కు (మాట, డేటా మోసే ఛానెల్) ఒక స్పిడ్, ఒక్క అంకె తప్పినా లైను లేవదు. ఉత్తర అమెరికా వాళ్లకే ఈ భాగ్యం.

కాపర్‌కాలం
ఎత్తాను. స్పిడ్‌లు స్టిక్కరు మీద రాసి ఎన్‌టీ1 (లైను చివర ఉండే పెట్టె) కింద అంటించేవాళ్లం. రాజు గారూ, మీ పెట్టెలు తిరగేసి చూడండి. ఆ స్టిక్కర్ల మీదే ఆ లైను ఏ పనికో కూడా రాసి ఉండొచ్చు.

తీగలరాజు
నిజంగానే ఉన్నాయి! ఒకదాని మీద "కోర్టు వీడియో" అని ఉంది. ఇంకోదాని మీద "డీ ఛానెల్ మాత్రమే, బీ వాడొద్దు" అని ఉంది. ఇదేంటి?

స్లిప్‌కౌంటర్
మంచిది దొరికింది. బీఆర్‌ఐలో రెండు బీ ఛానెళ్లు 64 చొప్పున, ఒక డీ ఛానెల్ 16 కిలోబిట్లు. డీ ఛానెల్ సిగ్నలింగ్‌కే కాకుండా కొద్దిపాటి ఎక్స్.25 ప్యాకెట్లు కూడా మోస్తుంది. అలారాలు, మీటర్ రీడింగులు, కార్డు తనిఖీలు దాని మీద రోజంతా నడిపేవాళ్లు. కాల్ పెట్టనక్కర్లేదు కాబట్టి మీ బిల్లులో నిమిషాలు సున్నా! లైను మాత్రం రోజంతా పని చేస్తూనే ఉంటుంది. అవతల ఏముందో కనుక్కోకుండా అది ఆపొద్దు.

బిట్‌స్టఫర్
ఇది నేను ఎప్పుడూ చూడలేదు, బాగుంది. అయినా నా మాట నాదే: 16 కిలోబిట్ల మీద అలారం నడిపే పద్ధతిని వీలైనంత త్వరగా మార్చాలి. విడిభాగాలు దొరకవు, స్విచ్ బాగుచేసే మనుషులు దొరకరు. నెమ్మదిగా ఆలోచిద్దాం అంటే, రేపు ఆ స్విచ్‌లో ఒక కార్డు పోతే మన చేతిలో ఏమీ ఉండదు. మనం ఎంచుకున్న తేదీన మార్చడం మంచిదా, అది చచ్చిన తేదీన మార్చడం మంచిదా?

కాపర్‌కాలం
ఈ మాటతో నాకు పేచీ లేదు. మార్చాల్సిందే. లైన్ల లెక్క చూసి మార్చొద్దు, పనుల లెక్క చూసి మార్చండి అంటున్నాను. కోర్టు వీడియోకు ఒక దారి, అలారానికి ఒక దారి, బ్యాకప్‌కు ఒక దారి. అన్నిటికీ కలిపి ఒకే ఫైబర్ ఇస్తే అది తెగిన రోజున అన్నీ ఒకేసారి పోతాయి.

1988 మే 8న ఇల్లినాయ్‌లోని హిన్స్‌డేల్ సెంట్రల్ ఆఫీసు తగలబడింది. ఆ చుట్టుపక్కల వేలమంది ఫోన్లు పోవడం ఒక్కటే కాదు, ఆ భవనం గుండా వెళ్లే దూరపు సర్క్యూట్లూ పోయాయి. వేరే వేరే కంపెనీల దగ్గర రెండు లైన్లు తీసుకున్నవాళ్లలో కొందరి రెండు లైన్లూ ఆ ఒక్క భవనంలోంచే వెళ్తున్నాయి. 1991 సెప్టెంబర్ 17న న్యూయార్క్‌లో ఒక స్విచింగ్ కేంద్రానికి కరెంటు లేక బ్యాటరీలు అయిపోతే విమానాశ్రయాలు ఆగిపోయాయి, విమాన నియంత్రణ లైన్లు అక్కడినుంచే వెళ్తున్నాయి కాబట్టి. టెక్నాలజీ మారినా ఈ బలహీనత మారదు. మీ ఎల్‌టీఈ టవరు వెనక్కి వెళ్లే ఫైబర్ కూడా మీ మెయిన్ ఫైబర్ ఉన్న గొట్టంలోనే ఉందేమో అడగండి.

బిట్‌స్టఫర్
ఈ ప్రశ్నకు కంపెనీలు సమాధానం చెప్పవు. "రూట్ వివరాలు గోప్యం" అంటారు.

ఫ్లాష్_ఓవర్‌రైడ్
మామూలు కస్టమరుకు చెప్పరు. ప్రభుత్వ కాంట్రాక్టులో డైవర్సిటీ అనే నిబంధన రాయించుకుంటే రెండు దారులు కలవకుండా ఉంచే బాధ్యత కంపెనీదే. ఉత్తినే బ్యాకప్ కావాలి అని రాస్తే రెండో కేబుల్ ఇస్తారు, అదే గొట్టంలో. పదాన్ని కాంట్రాక్టులోనే పెట్టించండి.

తీగలరాజు
ఇప్పటిదాకా తేలింది రాస్తున్నాను. కామ్‌సెక్ వాళ్లకు మెయిల్ వెళ్లింది, ఆ గది జోలికి పోవడం లేదు. టీఎస్‌పీ కోడున్న లైన్లకు కొత్త సర్క్యూట్ పక్కనే పెట్టి, దానికి కోడు వచ్చాకే పాతది ఆపాలని మేనేజర్ ఒప్పుకున్నారు. కోర్టు వీడియో ఇప్పటికే సిప్‌కు మారిందట, ఆ లైను మాత్రం నిజంగా ఊరికే పడి ఉంది. అది ఆపేశాం. బిట్‌స్టఫర్ గారికి సంతోషమే అనుకుంటా. డీ ఛానెల్ లైను అవతలి చివర ఏదో పంపుహౌస్ అలారం ప్యానెల్ అని ఫెసిలిటీస్ వాళ్లు గుర్తుపట్టారు. దాని తయారీదారు ఇప్పుడు లేడు, కొత్త ప్యానెల్‌కు బడ్జెట్ రాయాలి. అంతవరకు ఆ లైను ఉంటుంది.

స్విచ్డ్ 56 రెండిట్లో ఒకటి చచ్చే ఉంది. రెండోది డయల్ చేస్తే అవతల ఎవరో ఎత్తుతున్నారు, సింక్ కూడా వస్తోంది, కానీ అది ఎవరిదో తెలియదు.

స్లిప్‌కౌంటర్
అవతలి డీఎస్‌యూకు (డిజిటల్ లైను చివర ఉండే పరికరం) రిమోట్ లూప్‌బ్యాక్ ఆదేశం, అంటే వచ్చింది తిరిగి పంపమనే ఆదేశం, పంపి చూడండి. తిరిగి వస్తే పరికరం బతికి ఉందని అర్థం. నంబరు ఇచ్చి మీ కంపెనీని బిల్లింగ్ చిరునామా అడగండి. ప్రభుత్వ ఖాతాదే అయితే ఏ ఏజెన్సీ అన్నది చెబుతారు.

ఎన్‌టీ1_పెట్టె
చచ్చిన లైను తాలూకు డీఎస్‌యూ పారేయకండి రాజు గారూ. వీ.35 కేబుల్‌తో సహా నాకు కావాలి, పాత పరికరాలు కూడబెడుతున్నాను.

నిబంధనల_నాగు
ఇవ్వడం కుదరదు, అది ప్రభుత్వ ఆస్తి. రాజు గారు దాన్ని మిగులు సరుకుగా నమోదు చేయించాలి. వేరే ఏజెన్సీలకు అక్కర్లేదంటే జీఎస్‌ఏ వేలానికి వస్తుంది, అక్కడ పాడుకోండి. తాళం గదిలో ఉన్నది మాత్రం ఆ దారిలో ఎప్పటికీ రాదు.

ఎన్‌టీ1_పెట్టె
సరే, వేలం పేజీ తెరిచి పెట్టుకుంటాను. లాట్ నంబరు వస్తే ఇక్కడ వేయండి.